అండమాన్ వైపు పుట్టి మన ఒడ్డున ముగిసే బంగాళాఖాతపు సుడులు

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్ మొత్తం సముద్రపు సుడుల గురించే. మేడం, సుడి అనగానే పడవను లోపలికి లాగేసే సుడిగుండమే అందరికీ గుర్తొస్తుంది. ముందు ఆ సంగతి తేల్చేద్దామా?

గెస్ట్: నమస్కారమండి. అది వేరు, ఇది వేరు. వరదప్పుడు గోదావరిలో కనిపించే సుడిగుండం వెడల్పు మీటర్లలో ఉంటుంది. మనం మాట్లాడబోయే సుడి 100 నుంచి 300 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. 150 కిలోమీటర్లదే తీసుకున్నా విశాఖ నుంచి కాకినాడ దాకా పరుచుకుంటుంది. లోతు కొన్ని వందల మీటర్లు. పడవ సరిగ్గా దాని మధ్యలో ఉన్నా కంటికి ఏమీ కనపడదు. ఇంజిన్ ఆపి వల వేసి కూర్చుంటే, తెల్లారేసరికి జీపీఎస్‌లో పడవ 15, 20 కిలోమీటర్లు జరిగినట్టు కనిపిస్తుంది. అక్కడ తెలుస్తుంది.

హోస్ట్: అంత పెద్ద నీటిని తిప్పుతున్నది ఏమిటి?

గెస్ట్: ఎత్తు తేడా, భూభ్రమణం. ఈ రెండే. సుడి మధ్యలో నీటిమట్టం చుట్టుపక్కల కంటే 10 నుంచి 30 సెంటీమీటర్లు ఎక్కువో తక్కువో ఉంటుంది. మధ్యలో ఉబ్బిందనుకోండి, నీరు బయటికి జారాలని చూస్తుంది. కానీ భూమి తిరుగుతోంది కాబట్టి ఉత్తరార్ధగోళంలో కదిలే నీరు కుడివైపు మళ్లుతుంది. దాన్నే కొరియాలిస్ ప్రభావం అంటాం. ఈ రెండూ సరితూగినచోట నీరు కిందికీ జారదు, పైకీ పోదు, ఆ ఉబ్బు చుట్టూ సవ్యదిశలో తిరుగుతూ ఉంటుంది. మధ్యలో గుంట ఉంటే అపసవ్యదిశలో తిరుగుతుంది.

హోస్ట్: ఒక లెక్క వేసి చూపిద్దాం. విశాఖ అక్షాంశం దగ్గర, మధ్యలో 20 సెంటీమీటర్ల ఉబ్బు, 80 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న సుడి తీసుకుంటే?

గెస్ట్: 80 కిలోమీటర్లకు 20 సెంటీమీటర్ల వాలు. దాన్ని గురుత్వాకర్షణ విలువతో గుణించి, ఆ అక్షాంశపు కొరియాలిస్ విలువతో భాగిస్తే సెకనుకు సుమారు 55 సెంటీమీటర్ల వేగం వస్తుంది. అంటే గంటకు 2 కిలోమీటర్లు. చుట్టుకొలత 500 కిలోమీటర్లు కాబట్టి ఒక చుట్టు తిరగడానికి పది, పదకొండు రోజులు. ఇక్కడ చిన్న సవరణ కూడా ఉంది. నీరు వంపు తిరుగుతోంది కదా, ఆ వంపు బలాన్ని కూడా కలిపితే ఉబ్బు ఉన్న సుడి ఈ లెక్క కంటే కొంచెం వేగంగా, గుంట ఉన్న సుడి కొంచెం నెమ్మదిగా తిరుగుతుంది. ఈ ఉదాహరణలో తేడా ఉబ్బు సుడికి సుమారు 24 శాతం, గుంట సుడికి సుమారు 12 శాతం. దక్షిణాన, భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ దాన్ని వదిలేస్తే లెక్క ఇంకా తప్పుతుంది.

హోస్ట్: 20 సెంటీమీటర్లేనా అనిపిస్తుంది వినేవాళ్లకు.

గెస్ట్: పైన 20 సెంటీమీటర్లే. అసలు కథ కింద ఉంటుంది. పైనున్న వెచ్చటి నీటికీ లోతునున్న చల్లటి నీటికీ సాంద్రతలో తేడా అర శాతం లోపే. అందుకే పైమట్టంలో ఉన్న తేడా, కింద ఆ రెండు పొరలు కలిసే థర్మోక్లైన్ దగ్గర 200 రెట్లకు పైగా పెరిగి, తలకిందులుగా కనిపిస్తుంది. పైన 20 సెంటీమీటర్లు ఉబ్బితే కింద థర్మోక్లైన్ 40, 50 మీటర్లు దిగిపోతుంది. పైన గుంట పడితే కింద చల్లటి నీరు అంతే ఎత్తు పైకి వస్తుంది. ఉబ్బు ఉన్నదాన్ని వెచ్చటి సుడి, గుంట ఉన్నదాన్ని చల్లటి సుడి అనడం ఇందుకే.

హోస్ట్: ఇక పుట్టుక. బంగాళాఖాతంలో ఇవి ఎక్కడ పుడతాయి?

గెస్ట్: రెండు ముఖ్యమైన చోట్లున్నాయి. ఒకటి తూర్పున, అండమాన్ దీవుల నుంచి మయన్మార్‌లోని ఐరావతి డెల్టా దాకా. రెండోది మన తీరం వెంబడే. తూర్పున జరిగేదానికి మూలం భూమధ్యరేఖ దగ్గరి గాలులు. అక్కడ రుతువు మారేటప్పుడు పడమటి గాలి బలంగా వీస్తే, నీటిని తూర్పుకు నెట్టే కెల్విన్ తరంగం ఒకటి బయలుదేరుతుంది. అది సుమత్రా తీరాన్ని తాకి రెండుగా చీలుతుంది. ఉత్తరానికి మళ్లిన భాగం తీరాన్ని కుడిచేతి వైపు పెట్టుకుని బంగాళాఖాతం అంచు మొత్తం చుట్టి వస్తుంది. మయన్మార్, బంగ్లాదేశ్, ఒడిశా, తర్వాత మన ఆంధ్ర తీరం. ఆ దారిలో బంగాళాఖాతపు తూర్పు ఒడ్డు నుంచి రాస్‌బీ తరంగాలు, అంటే నెమ్మదిగా పడమటికి కదిలే భారీ అలలు, విడిపోతాయి. తీరం ఒక్కసారిగా వంపు తిరిగే ఐరావతి డెల్టా దగ్గర, దీవులూ సముద్రగర్భపు గుట్టలూ అడ్డొచ్చే అండమాన్ దగ్గర ఆ తరంగం ముక్కలై సుడులుగా చుట్టుకుంటుంది.

హోస్ట్: మన తీరం దగ్గర పుట్టేవి?

గెస్ట్: అవి ప్రవాహం వంకర్లు తిరగడం వల్ల పుడతాయి. మన తూర్పు తీరం వెంబడి ఒక ప్రవాహం ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పారుతుంది. సంవత్సరానికి రెండుసార్లు దిశ మార్చుకునే ఇంత బలమైన తీర ప్రవాహం ప్రపంచంలో అరుదు. మార్చి, ఏప్రిల్‌లో అది ఉద్ధృతంగా ఉంటుంది. ఉత్తరానికి పారే ప్రవాహానికి కుడివైపు, అంటే సముద్రం వైపు, మట్టం ఎక్కువ. ఒడ్డువైపు తక్కువ. అందుకే విశాఖ దగ్గర సముద్రమట్టం మార్చి, ఏప్రిల్‌లో బాగా దిగి ఉంటుంది, ప్రవాహం తిరగబడ్డాక అక్టోబరు, నవంబరులో పెరుగుతుంది.

హోస్ట్: ఆ ప్రవాహంలోంచి సుడి ఎలా విడిపోతుంది?

గెస్ట్: ప్రవాహానికి ఒకవైపు తేలిక నీరు, మరోవైపు బరువు నీరు. మధ్యలో ఆ పొరలు వాలుగా నిలబడి ఉంటాయి. వాలుగా నిలబడ్డాయంటే అందులో శక్తి దాగుందని అర్థం. ఎక్కడో చిన్న వంపు వస్తుంది. ఆ వంపులో తేలిక నీరు పైకి పాకుతుంది, బరువు నీరు కిందికి జారుతుంది. అలా విడుదలైన శక్తి వంపునే ఇంకా పెంచుతుంది. కొన్ని వారాల్లో వంపు పెద్ద మలుపవుతుంది. మలుపు మెడ సన్నబడి చివరికి అంటుకుపోయి, లోపలి నీరు ఉంగరంలా తెగి విడిపోతుంది. వసంతకాలంలో మన ప్రవాహం 16, 18 డిగ్రీల అక్షాంశాల మధ్య, అంటే మచిలీపట్నం నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న మేరలో, తీరాన్ని వదిలి లోపలికి మళ్లుతుంది. మళ్లిన చోట సముద్రం వైపు వెచ్చటి సుడి, ఒడ్డువైపు చల్లటి సుడి రావడం మామూలే. పరిమాణం ఎంత అనేది ఊరికే తేలదు. నీటి పొరల మధ్య సాంద్రత తేడా, అక్షాంశం, ఈ రెండూ కలిసి ఒక సహజమైన కొలత ఇస్తాయి. 15 డిగ్రీల దగ్గర అది 70 కిలోమీటర్లకు అటూఇటూ. 60 డిగ్రీల దగ్గర 10 కిలోమీటర్లే. అందుకే ధ్రువాల వైపు సుడులు చిన్నవి, మన దగ్గరవి పెద్దవి.

హోస్ట్: గాలి నేరుగా పుట్టించేవి ఉండవా?

గెస్ట్: ఉంటాయి. శ్రీలంకకు తూర్పున నైరుతి రుతుపవనాల కాలంలో ఏటా ఒక చల్లటి సుడి వస్తుంది. శ్రీలంక డోమ్ అంటారు. గాలి మెలిక వల్ల పైనీరు పక్కలకు తప్పుకుని కింది నీరు పైకి లేవడమే దానికి కారణం. అరేబియా సముద్రంలో సోమాలియా పక్కన గ్రేట్ వర్ల్ అని వెచ్చటి సుడి ఒకటుంది. 1860ల నాటికే నౌకల రికార్డుల్లోకి ఎక్కింది. అక్కడ వేగం సెకనుకు ఒకటిన్నర మీటర్లు దాటుతుంది. బంగాళాఖాతంలో అంత ఉద్ధృతి ఉండదు.

హోస్ట్: ప్రయాణానికి వద్దాం. అన్నీ పడమటికే ఎందుకొస్తాయి?

గెస్ట్: ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కాస్త నిదానంగా చెప్తాను. ఉత్తరానికి పోయేకొద్దీ భూభ్రమణ ప్రభావం పెరుగుతుంది. సవ్యదిశలో తిరిగే వెచ్చటి సుడిని ఊహించుకోండి. దాని పడమటి అంచున నీరు ఉత్తరానికి పోతోంది. పెద్ద భ్రమణం ఉన్నచోటికి వచ్చింది కాబట్టి, మొత్తం లెక్క సరిపోవాలంటే తన సొంత తిప్పుడును సవ్యదిశకు మార్చుకోవాలి. అంటే పడమటి అంచున కొత్తగా సవ్య భ్రమణం పుట్టింది. తూర్పు అంచున నీరు దక్షిణానికి పోతోంది, అక్కడ దానికి పూర్తి వ్యతిరేకం. సుడి పడమట బలపడుతూ తూర్పున బలహీనపడుతోంది. ఫలితంగా మొత్తం పడమటికి జరుగుతుంది. ఇప్పుడు అపసవ్యదిశలో తిరిగే చల్లటి సుడిని తీసుకుని ఇదే లెక్క వేయండి, అదీ పడమటికే వస్తుంది. తూర్పుకు పోయేవి చాలా తక్కువ. అంటార్కిటికా చుట్టూ తిరిగే ప్రవాహం లాంటివి బలవంతంగా మోసుకుపోతేనే.

హోస్ట్: వేగం?

గెస్ట్: 15, 17 డిగ్రీల దగ్గర సెకనుకు 8 నుంచి 10 సెంటీమీటర్లు. రోజుకు 7, 8 కిలోమీటర్లు వేసుకోండి. అండమాన్ నుంచి మన తీరానికి వెయ్యి కిలోమీటర్ల పైనే. దారిలో చెదిరిపోకుండా వస్తే నాలుగు నెలలకు పైగా పడుతుంది. అంటే నవంబరులో అటువైపు విడిపోయినది మార్చిలో మన ముందుకొస్తుంది. తిన్నగా కూడా రాదు. చల్లటి సుడులు కాస్త ఉత్తరానికి, వెచ్చటివి కాస్త దక్షిణానికి ఒరుగుతాయి.

హోస్ట్: తిరిగే వేగం 55, కదిలే వేగం 8. ఆ తేడాకు ఏదైనా అర్థం ఉందా?

గెస్ట్: చాలా ఉంది. కదిలే వేగం కంటే తిరిగే వేగం ఎక్కువగా ఉంటే సుడి తన నీటిని తనతోనే మోసుకెళ్తుంది. ఉప్పదనం, పోషకాలు, చేపపిల్లలు, అన్నీ. తక్కువైతే అది ఉత్త అల. ఆకారం ముందుకెళ్తుంది, నీరు ఉన్నచోటే ఉండిపోతుంది. నీటిని మోసే సుడికి గొప్ప ఉదాహరణ ఆఫ్రికా దక్షిణ కొసన ఉంది. అక్కడ అగుల్హాస్ ప్రవాహం ఒక్కసారిగా వెనక్కి తిరిగే మలుపులో ఏటా నాలుగైదు భారీ ఉంగరాలు తెగిపడతాయి. మన హిందూ మహాసముద్రపు వెచ్చటి, ఉప్పటి నీటిని అట్లాంటిక్‌లోకి మోసుకుపోతాయి. కొన్ని రెండు, మూడేళ్లు బతికి దక్షిణ అమెరికా వైపు చేరతాయి. అయితే వాటి ఉబ్బులో చాలా భాగం మొదటి కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది. ఆ చలి గాలికి పైనీరు వేడి కోల్పోతుంది, ఒకదాన్నొకటి ఢీకొని చీలతాయి, కలుస్తాయి.

హోస్ట్: మన సుడులకు అంత ఆయుష్షు ఉండదు కదా. దారి చిన్నది.

గెస్ట్: దారికి అడ్డంగా మనమే ఉన్నాం. అన్ని మహాసముద్రాల్లోనూ సుడుల శక్తి ఎక్కువగా తరిగిపోయేది పడమటి అంచుల్లోనే. బంగాళాఖాతానికి పడమటి అంచు అంటే మన కోస్తా. అందుకే విశాఖ ముందు ఒక వారం నీరు ఉత్తరానికి, ఇంకో వారం దక్షిణానికి పారుతుంటే అది ఆ రోజు గాలి పనే అనుకోకూడదు. నెలల క్రితం బయల్దేరిన సుడి ఇప్పుడు ఒడ్డు చేరి ఉండొచ్చు.

హోస్ట్: చేరాక ఏమవుతుంది?

గెస్ట్: వందల మీటర్ల లోతున్న సుడి 200 మీటర్ల లోపు తీరపు మెట్టు మీదికి ఎక్కలేదు. వాలు దగ్గర ఆగి నలుగుతుంది. గుండ్రంగా ఉన్నది కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. పక్కన బలమైన ప్రవాహం లేకపోతే, తీరం గోడలా అడ్డు నిలవడం వల్ల వెచ్చటి సుడి తీరం వెంట ఉత్తరానికి, చల్లటిది దక్షిణానికి జరగాలని చూస్తుంది. అంచు నీరు సన్నటి పాయలుగా ఊడిపోతుంది. మధ్య భాగం చివరిదాకా నిలుస్తుంది. కొన్నిటిని తీర ప్రవాహమే మింగేస్తుంది. అప్పుడు సుడి పోయినా దాని శక్తి ప్రవాహంలో చేరుతుంది. నడిసముద్రంలోనూ అరుగుదల ఆగదు. గాలి ఒక దిశలో వీస్తుంటే సుడి ఒక పక్క గాలికి ఎదురెళ్తుంది, మరో పక్క గాలితో పోతుంది. ఎదురెళ్లే పక్క పడే రాపిడి ఎక్కువ, కలిసిపోయే పక్క అందే తోపు తక్కువ. రెండు పక్కలా నష్టమే. పైగా కదిలేకొద్దీ వెనకాల తరంగాలుగా కొంత శక్తి వదిలేస్తుంది.

హోస్ట్: తుఫాన్ల సంగతి అడగకుండా ఉండలేను. వెచ్చటి సుడి మీదుగా వస్తే తుఫాను బలపడుతుంది అంటారు.

గెస్ట్: బలపడే అవకాశం పెరుగుతుంది. ఒక్క సుడే కారణం అనకూడదు. పైన గాలుల తీరు కూడా అనుకూలించాలి. తుఫాను వచ్చిందంటే పై 50, 100 మీటర్ల నీటిని చిలికేస్తుంది. చిలికినప్పుడు పైకొచ్చేది చల్లటి నీరైతే తుఫానుకు వేడి అందదు. ఇక్కడ చూడాల్సింది పైపైన ఉష్ణోగ్రత కాదు, 26 డిగ్రీల నీరు ఎంత లోతు దాకా ఉంది అన్నది. లెక్క చూడండి. వెచ్చటి సుడిలో 100 మీటర్ల దాకా, సగటున 26 కంటే 2 డిగ్రీలు ఎక్కువుందనుకుంటే చదరపు సెంటీమీటరుకు 82 కిలోజౌళ్ల వేడి. చల్లటి సుడిలో అదే 2 డిగ్రీలు 40 మీటర్ల దాకానే ఉంటే 33. పైన చేత్తో ముట్టుకుంటే రెండూ ఒకేలా వెచ్చగా ఉంటాయి! ఆ వేడి 50 కిలోజౌళ్లు దాటితే జాగ్రత్తగా చూడాలని సాధారణంగా లెక్క. 2008లో నర్గీస్ తుఫాను మయన్మార్‌ను తాకే ముందు ఒక్క రోజులో విపరీతంగా బలపడింది. దాని దారిలో మామూలు కంటే లోతైన వెచ్చటి నీరు ముందే ఉంది. 2009 మేలో ఐలా బలపడినప్పుడూ ఉత్తర బంగాళాఖాతంలో వెచ్చటి సుడి ఉన్నట్టు అధ్యయనాలు చూపించాయి.

హోస్ట్: చేపల వేటకు వచ్చేసరికి చల్లటి సుడి మంచిది అంటారు. నిజమేనా?

గెస్ట్: సగం నిజం. బంగాళాఖాతంలో పెద్ద ఇబ్బంది మంచినీరు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన నీరు ఉప్పునీటి మీద నూనెలా తేలి మూతలా కూర్చుంటుంది. గాలి ఎంత వీచినా ఆ మూత తెరుచుకోదు, కింది పోషకాలు పైకి రావు. అలాంటిచోట చల్లటి సుడి కింది నీటిని వెలుతురు అందే లోతుకు ఎత్తుతుంది. నాచుజీవులు పెరుగుతాయి. కానీ చాలామంది పొరబడేది ఎక్కడంటే, ఎత్తడం సుడి పుట్టి బలపడే రోజుల్లోనే జరుగుతుంది. బలపడ్డాక ఎత్తిన నీరు అక్కడే నిలుస్తుంది, కొత్తగా ఏమీ రాదు. బలహీనపడేటప్పుడు మళ్లీ కిందికి దిగుతుంది. కాబట్టి సుడి వయసు చూడకుండా చల్లటి సుడి ఉంది, చేప ఉంటుంది అనేస్తే డీజిల్ ఖర్చే మిగులుతుంది. ఇంకో మాట, పెరిగిన నాచు చాలాసార్లు 40, 60 మీటర్ల లోతులో ఉంటుంది. శాటిలైట్ రంగుల చిత్రంలో అది కనపడదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సమాచారం ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ చిత్రాల మీద ఆధారపడుతుంది. దానితోపాటు వాళ్ల ప్రవాహాల మ్యాపు కూడా పక్కన పెట్టుకుని చూస్తే చిత్రంలో కనిపించే రంగు అంచు ఒక్కరోజుదా, వారాల తరబడి నిలిచే సుడి అంచా అని తెలుస్తుంది.

హోస్ట్: మన తీరంలో ఈ పైకి లేచే నీటిని గమనించడం కొత్తేమీ కాదు కదా.

గెస్ట్: కాదు. 1950లలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి, ఇక్కడివాళ్లతో కలిసి తూర్పు తీరంలో నీరు పైకి లేవడం, కిందికి దిగడం కొలిచి ప్రచురించారు. ఆ రోజుల్లో పడవ వెళ్లిన గీత వెంబడే తెలిసేది. పక్కన 200 కిలోమీటర్ల సుడి ఉన్నా ఒక మూలే దొరికేది. 1992లో ఆల్టిమీటరుతో, అంటే రాడార్‌తో సముద్రమట్టం కొలిచే పరికరంతో, టోపెక్స్ పోసైడన్ శాటిలైట్ వెళ్లాకే సుడులు పూర్తి ఆకారంలో కనపడటం మొదలైంది. 2013 ఫిబ్రవరి 25న మన శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ20 మీద వెళ్లిన సరల్ శాటిలైట్ కూడా ఇలాంటి ఆల్టిమీటరునే మోసుకెళ్లింది.

హోస్ట్: ఇంట్లో కూర్చుని సముద్రమట్టం మ్యాపు తెరిచి సుడి వెతికేవాళ్లు ఎక్కడ తప్పు చేస్తారు?

గెస్ట్: మొదటిది, ఒక్కరోజు మ్యాపు చూసి నమ్మేయడం. పాత ఆల్టిమీటర్లు కిందున్న గీత వెంబడే కొలుస్తాయి. టోపెక్స్ తరహా శాటిలైట్ పది రోజులకోసారి అదే గీత మీదికి వస్తుంది, గీతల మధ్య భూమధ్యరేఖ దగ్గర 315 కిలోమీటర్ల ఖాళీ. మ్యాపులో నింపినదంతా లెక్కకట్టి పూరించినదే. అందుకే వరసగా నాలుగు వారాల మ్యాపులు పెట్టుకోవాలి. ఒకే మట్టాన్ని చూపే గీతల మూసుకున్న వలయం పడమటికి జరుగుతూ కనిపిస్తేనే సుడి అనుకోవాలి. ఒక వారం మాయమై మళ్లీ కనిపిస్తే కొత్తది పుట్టిందనుకోకండి. శాటిలైట్ పోయే రెండు గీతల మధ్య ఖాళీలో పడి ఉండొచ్చు. రెండోది, ఒడ్డుకు 20, 30 కిలోమీటర్ల లోపు విలువలు నమ్మడం. అక్కడ రాడార్ సిగ్నల్‌లో నేల కలిసిపోతుంది. మూడోది, మన సముద్రానికే ప్రత్యేకం. రుతుపవనాల తర్వాత ఆ మంచినీటి మూత ఉన్న నెలల్లో ఉపరితల ఉష్ణోగ్రత చిత్రంలో సుడి అసలు కనిపించకపోవచ్చు. కింద 50 మీటర్లు చల్లటి నీరు లేచి ఉంటుంది, పైన ఒకే రంగు. అప్పుడు ఆర్గో ఫ్లోట్లు అనే, నీటిలో వాటంతట అవే తేలుతూ కొలిచే పరికరాల కొలతలు చూడాలి. అవి వెయ్యి మీటర్ల లోతున తేలుతూ, పది రోజులకోసారి 2000 మీటర్ల దాకా దిగి కొలుచుకుంటూ పైకొస్తాయి. అదృష్టం బాగుండి ఒక ఫ్లోట్ సుడిలో చిక్కుకుంటే, వారాల తరబడి దాని లోపలి సంగతి చెప్తూనే ఉంటుంది.

హోస్ట్: 2022 డిసెంబరులో వెళ్లిన స్వాట్ శాటిలైట్‌తో ఈ ఖాళీల సమస్య పోయినట్టేనా?

గెస్ట్: చాలా వరకు. అది గీతకు బదులు 120 కిలోమీటర్ల పట్టీని చూస్తుంది. మధ్యలో 20 కిలోమీటర్ల ఖాళీ, అటూఇటూ 50 చొప్పున. దానివల్ల 100 కిలోమీటర్ల లోపు సుడులు, పెద్ద సుడి అంచు నుంచి ఊడే పాయలు కూడా మట్టంలోనే కనిపిస్తున్నాయి. కానీ ఒకే చోటికి తిరిగి రావడానికి 21 రోజులు పడుతుంది. చిన్న సుడి ఆ లోపే పుట్టి పోవచ్చు. అందుకని దాన్ని ఒంటరిగా వాడకూడదు, పాత ఆల్టిమీటర్ల గీతలతో కలిపి చూడాలి.